బంతీ బ్యాటూ రెండూ వచ్చిన ముగ్గురు

మా ఇంటి అరుగు మీద మగవాళ్ళు చేరితే వానల మాట, పత్తి ధర మాట అయిపోయాక చివరికి క్రికెట్ మాటే వచ్చేది. ప్రొద్దుటూరులో అప్పట్లో ఆ ఆట తెలిసిన ఇండ్లు తక్కువ. అందులో మాది ఒకటి. నేను చదివింది నాలుగో తరగతి. బ్యాటు ఏనాడూ చేత పట్టలేదు. గడప లోపల కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ విన్న మాటలతోనే ఆట అంతా నాకు తెలిసిపోయింది. బంతి బాగా వేసేవాడు ఉంటాడు, బ్యాటు బాగా పట్టేవాడు ఉంటాడు. రెండూ సమంగా వచ్చినవాణ్ణి ఆల్‌రౌండర్ అంటారని, అట్లాంటి వాడు ఏ ఊళ్ళోనైనా తరానికి ఒకడు పుడితే అదే గొప్పని మా నాయన చెప్పేవాడు.

మా అరుగు మీద లెక్కలోకి వచ్చేది ముగ్గురే. మొదటివాడు జమ్మలమడుగు కళాయి తాత. రెండోవాడు మా నాయన. మూడోవాడు మా తమ్ముడు. ముగ్గురివీ మూడు కాలాలు. వీళ్ళలో ఎవరు గొప్ప అన్నది తెగని పంచాయితీ.

కళాయి తాత ముసల్మాను. ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూసి కళాయి పెట్టడం ఆయన వృత్తి. మాకు తాత, మా నాయనకు మామ. వరస ఎవరు కలిపారో తెలియదు, కలిసిపోయింది. ఆయన పడుచుతనంలో జమ్మలమడుగులో తెల్లదొరలు సాయంత్రం పూట క్రికెట్ ఆడేవాళ్ళట. దూరం పోయిన బంతులు తెచ్చిచ్చే పనికి ఈయన్ను పిలిచారు. తెచ్చిన బంతిని ఊరికే ఇవ్వకుండా దూరం నుంచే వేళ్ళతో తిప్పి విసిరాడట. అది ఆట కోసం పరిచిన చాప మీద పడి పక్కకు తిరిగేసరికి ఒక దొర బ్యాటు ఆనించలేకపోయాడు. ఆ రోజు నుంచి వాళ్ళకు బంతులు వేయడమే ఆయన పని. పెన్న ఒడ్డున మెత్తటి నేల మీద కొబ్బరినార చాప పరిచి ఆడిన కాలం అది. కాళ్ళకు చెప్పులు లేవు, చేతులకు తొడుగులు లేవు. కాగిన గిన్నెలు పట్టి పట్టి మొద్దుబారిన చేతులు కాబట్టి ఎంత గట్టి బంతి వచ్చినా వదిలేవాడు కాదు. ఒకనాడు మనిషి తక్కువై బ్యాటు చేతికిస్తే పొద్దుగూకేదాకా తిరిగి ఇవ్వలేదని నవ్వుతూ చెప్పేవాడు.

ఆ తాత దగ్గర నేర్చుకున్నవాడు మా నాయన. పుట్టింది జమ్మలమడుగులోనే. పత్తి మిల్లులో కాటా దగ్గర పని దొరికి ప్రొద్దుటూరికి వచ్చాడు. జనం స్వరాజ్యం కోసం జైళ్ళకు పోతున్న రోజుల్లో ఆయన ఎర్రగుంట్లకు పోయి రైల్వే వాళ్ళతో ఆడేవాడు. ఆయన బంతికి వేగం తక్కువ. గాలిలోనే వంకర పోయి వికెట్లకు తగిలేది. బ్యాటు పట్టుకుంటే మాత్రం మహా ఓపిక. పత్తి బోరెం మూట కాటా మీద పెట్టి ముల్లు నిలిచేదాకా చూసే మనిషి కదా, బంతిని కూడా అట్లాగే చూసేవాడు.

తమ్ముడిది ఎడమచేతి వాటం. అన్నం ఎడమచేత్తో తినబోతే అమ్మ చేతి మీద ఒకటి వేసి కుడిచేతికి మార్చింది. బ్యాటు దగ్గర కూడా మార్చబోతే నాయన అడ్డం పడ్డాడు. “తినేది నీ ఇష్టమొచ్చినట్ల నేర్పుకోమ్మే. బ్యాటు మాత్రం నాకిడిసిపెట్టు,” అన్నాడు. అట్లా వాడు బంతి అమ్మ మార్చిన కుడిచేత్తోనే వేసేవాడు, బ్యాటు ఎడమవాటంగా పట్టేవాడు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో వాడికి మూతి మీద నూగు మొలుస్తోంది. అప్పటికే వాడి బంతికి పెద్ద పెద్దవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు.

మా ఇండ్లలో ఒక పట్టింపు ఉంది. కన్నవాళ్ళు బిడ్డను ఎదుట పెట్టుకుని మెచ్చుకోకూడదు, మెచ్చుకుంటే బిడ్డకు ఆయుస్సు తగ్గుతుందని. ఊళ్ళోవాళ్ళు పొగిడితే దిష్టి తగులుతుంది, దానికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే పోతుంది. కన్నవాళ్ళ మాటకు అట్లాంటి మందు లేదు. అందుకే తెల్లగా పుట్టిన పిల్లను నల్లపిల్లా అంటారు, చురుకైన పిల్లవాణ్ణి మొద్దు అంటారు. మా తమ్ముడి కంటే ముందు మా ఇంట్లో ఒక మగబిడ్డ పుట్టాడు. నాయన సంతోషం పట్టలేక వాణ్ణి వీధిలోకి ఎత్తుకుపోయి, “చూడండప్పా, ఎంత ముద్దుగా ఉండాడో నా కొడుకు,” అని అందరికీ చూపించాడట. ఏడాది తిరక్కుండానే ఆ బిడ్డ పోయాడు. మా అవ్వ బతికినన్నాళ్ళూ నాయన్ను ఆ మాటతోనే పొడిచేది. అందుకే తమ్ముడు పుట్టాక నాయన నోరు కుట్టేసుకున్నాడు.

ఇంట్లో అందరికీ ఇది తెలుసు. తమ్ముడికీ తెలుసు. అయినా వాడికి ఒకటే కోరిక. ఊరంతా అంటున్న మాట నాయన నోటి నుంచి ఒక్కసారి రావాలి.

ఏటా ఉగాదికి ముందు కళాయి తాత మా వీధి గిన్నెలన్నిటికీ కళాయి పెట్టడానికి జమ్మలమడుగు నుంచి వచ్చేవాడు. పని అయ్యాక చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే ఇక పంచాయితీ మొదలు. ఒక ఏడు ఆ మాటలు జరుగుతుంటే తమ్ముడు లోపల నా పక్కనే గోడకానుకుని కూర్చుని వింటున్నాడు.

“చూడబ్బీ,” అన్నాడు తాత మా నాయనతో, “నేను ఆడింది వదులు చాప మీద. దాని మీద ఎవడేసినా బంతి తిరుగుతాది. నీ కొడుకు ఏసేది మేకులు కొట్టి బిగించిన చాప మీద. దాని మీద అంత వేగంగా ఏసి, మల్లా బ్యాటు పట్టుకోని నిలబడతాండాడంటే, మనిద్దర్నీ కలిపి దంచినా వాని కాలిగోటికి రాము.”

“ఊరుకో మామా. వాడేసిన బంతి యాడ పడతాదో వానికే తెల్దు. నీ మాదిరి తిప్పమను, చూద్దాం.”

“వానికి తిప్పే పనేముంది? గుద్దుకుంటా పోతాంది గదా బంతి!”

“గుద్దుకుంటా బర్రెగూడా పోతాది.”

అరుగు మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. తాత ఊరుకోలేదు.

“సరే, బ్యాటన్నా ఒప్పుకో. నువ్వు పొద్దంతా నిలబడి కొట్టే పరుగులు వాడు పూటలో కొడతాడు.”

“పూటలో ఔటయ్యేది గూడా చెప్పు మామా.”

“రేయ్, నీ నోటికేమన్నా తగరం పోసి మూసినానా నేను? ఒక్క మంచి మాట రాదేంరా?”

మళ్ళీ నవ్వులు. తమ్ముడు నవ్వలేదు. నా ఒళ్ళోని చేటలోంచి ఒక శనక్కాయ తీసుకుని, వలవకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ మెల్లగా అడిగాడు.

“అక్కా, నిజంగానే నా ఆట నాయనకు నచ్చదా?”

“పట్టింపు రా అబ్బీ. నీకు తెల్దా ఏంది?”

“నోటికి పట్టింపుంటే కండ్లతోనన్నా చెప్పచ్చు గదా. నేను బాగా ఆడిన రోజు నా మొకం గూడా చూడడే. నాకేం కప్పులూ వద్దు, దండలూ వద్దు. నాకన్న నువ్వే మేలురా అని ఆయన ఒక్కసారి అనల్ల. అంతే నాకు కావల్సింది.”

ఆ మరుసటి ఏడు నాకు పెళ్ళయి పులివెందులకు కాపురం వెళ్ళాను. నేను మొత్తం ఆట కళ్ళతో చూసింది జీవితంలో ఒక్కసారే, అదీ అక్కడే. ప్రొద్దుటూరు పిల్లలు పులివెందుల వాళ్ళతో పందెం కట్టి ఆడటానికి వచ్చారు. చుట్టిన చాపను బస్సు మీద వేసుకుని తెచ్చారు. మా అత్తవారి మిద్దె ఎక్కితే ఆట జరిగే బయలు కనిపిస్తుంది. వీధి ఆడవాళ్ళం అంతా మిద్దె మీద చేరాం. వాళ్ళకు ఆట తెలియదు, నేను చెబుతూ ఉన్నాను.

పొద్దున తమ్ముడు బంతి వేశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి వేస్తే బంతి చాప మీద పడి రొమ్ము దాకా లేచేది. “అయ్యో, మనిషిని చంపుతాడా ఏంది మీ తమ్ముడు!” అంది పక్కింటావిడ. మధ్యాహ్నం మావాళ్ళు బ్యాటు పట్టారు. ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉన్నారు, వీడొక్కడే నిలబడ్డాడు. ఒక బంతి పక్కటెముకలకు తగిలి కూర్చుండిపోతే నా ప్రాణం పోయినంత పనైంది. లేచి, చొక్కా దులుపుకుని, ఆ తర్వాతి బంతిని కంపచెట్ల అవతలికి కొట్టాడు. చివరికి మిగిలింది వాడూ, బ్యాటు సరిగా పట్టుకోవడం కూడా రాని ఇంకొకడూ. ఆ ఇద్దరే గెలిపించారు. పిల్లలు తమ్ముణ్ణి భుజాల మీద ఎత్తుకుని మా వీధి గుండా తెచ్చారు. ఓడిన పులివెందుల వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

నాయన కూడా ఆట చూడటానికి వచ్చాడు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే ఇద్దరికీ అన్నం పెట్టాను. సంగటి ముద్ద చేసి, తమ్ముడికి ఇష్టమని శనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరాను. తమ్ముడు తినడం లేదు, నాయన మొహమే చూస్తున్నాడు. నాయన కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

“ఓవరు మొదటి బంతికే పరుగు తీస్తివే? ఆ ఆఖరోనికి బ్యాటు పట్టుకునేదే రాదు. వాన్ని బంతికి ఎదురుగా పెట్టి నువ్వు అవతల పోయి నిలబడితివి. అదేం ఆట?”

తమ్ముడు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చేయి కడుక్కుని బయటికి పోయాడు.

నేను గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయేసరికి నాయన అక్కడ ఉన్నాడు. గోడకు ఆనించిన తమ్ముడి బ్యాటును తీసి, దానికి అంటిన ఎర్రమట్టిని తన తువ్వాలుతో తుడుస్తున్నాడు. తుడిచి, రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. నన్ను చూడలేదు. మిద్దె మీద కూర్చున్న తమ్ముడి దగ్గరికి పోయి చూసింది చూసినట్టు చెప్పాను.

“చెప్పింది నువ్వు గదక్కా,” అన్నాడు వాడు. “ఆయన గాదు గదా.”

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన ఏడు వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. మొదట ఎండకు వచ్చిన నీరసం అనుకున్నారు. చెన్నూరులో ఆకుమందు ఇచ్చే మనిషి ఉన్నాడంటే నాయన బండి కట్టించుకుని తీసుకుపోయాడు. డాక్టరు దగ్గరా చూపించాడు. అమ్మ ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టింది. కబురు అంది నేను పులివెందుల నుంచి వచ్చేసరికి వాడు మంచం పట్టి ఉన్నాడు. కళ్ళు, గోళ్ళు, పెదవుల లోపల కూడా పసుపు పూసినట్టుంది. అంత వేగంగా పరుగెత్తిన కాళ్ళు దుప్పటి కింద ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. డాక్టరు నాయనను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. నాయన మాకు చెప్పలేదు. చెప్పకపోయినా అమ్మకు తెలిసిపోయింది.

పెరట్లో తొట్టి దగ్గర అమ్మ ఆయన చేయి పట్టుకుంది.

“ఏమయ్యా, ఒక్క మాట. వాడు దానికోసరమే చూస్తాండాడు. మంచం కాడ నీ అడుగు సద్దైతే చాలు, కండ్లు తెరుస్తాండాడు. చెప్పయ్యా.”

“పెద్దోని సంగతి మర్సిపోతివా? నా నోటితోనే గదా ఒకన్ని పోగొట్టుకునింది.”

“మర్సిపోలేదు. ఇంగ తగ్గేదానికి వాని కాడ ఏముందయ్యా?”

“ఆ మాటనద్దు!” నాయన గొంతు లేచింది. మళ్ళీ లోపలికి వినపడుతుందేమోనని తగ్గించాడు. “నేనిప్పుడు చెప్తే వాడు పోతాడని నేనే ఒప్పుకున్నట్ల. నేను ఒప్పుకోను. వాడు లేస్తాడు. లేచి ఆడతాడు. పెండ్లి చేసుకుంటాడు. నేను సచ్చేటప్పుడు వాన్ని పక్కన కూర్చోబెట్టుకోని చెప్తా. ఎన్నేండ్ల నుంచి అనుకోనుండానో నీకేం తెల్సు. నా సావు కాడ చెప్పల్లనుకున్న మాట అది.”

అమ్మ చేయి వదిలేసింది.

ఇక లాభం లేదని అమ్మే జమ్మలమడుగుకు కబురంపి కళాయి తాతను పిలిపించింది. ముసలాయన బస్సు దిగి కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని తమ్ముడి చేయి తన చేతుల్లోకి తీసుకున్నాడు. తమ్ముడు కళ్ళు తెరిచి నవ్వాడు.

“తాతా, ముగ్గుర్లో ఎవరు?” అన్నాడు. గొంతు సరిగా పెగల్లేదు.

“నువ్వే బేటా. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? నేను బంతి తిప్పినా. మీ నాయన కాసుకోని కాసుకోని ఆడినాడు. నువ్వు ఆట ఆడినావు. నువ్వే.”

తమ్ముడు తాత మాట విన్నాడు కానీ తాతను చూడలేదు. వాడి కళ్ళు గుమ్మం దగ్గరికి పోయాయి. నాయన ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాత కూడా తల తిప్పి నాయన వైపు చూశాడు. అమ్మ చూసింది. నేనూ చూశాను. వాకిట్లో ఎవరో బండెద్దులను అదిలిస్తున్నారు.

నాయన ద్వారబంధం వదల్లేదు.

“మామకు వయసయ్యింది. ఏదేదో మాట్లాడతాడు,” అన్నాడు. “నీకు కాలు ఇంగా ముందుకు రావల్ల. వెనకెనకనే ఉండిపోతాండావ్. లేచినాక నేను చూపిస్తా. ముందు నువ్వు ల్యాయి.”

తమ్ముడు ఆయన్నే చూస్తూ, “సరే నాయనా,” అన్నాడు.

మర్నాడు పొద్దున మిల్లు కూత కూసే వేళకు పోయాడు.

నాయన ఏడవలేదు. చేయవలసినవన్నీ చేశాడు. దినాల నాడు చుట్టాలు భోజనాలు చేసి అరుగు మీద, వీధిలో వేసిన చాపల మీద కూర్చున్నారు. ఎవరో ఊరికే, మంచి ఆటగాడు పాపం అన్నారు. నాయన లేచి నిలబడ్డాడు.

“మంచి ఆటగాడు గాదప్పా. మీకు తెల్దు, నేను చెప్తా,” అన్నాడు.

ఇక మొదలుపెట్టాడు. కళాయి తాత బంతి ఎట్లా తిరిగేది, ఏ నేల మీద తిరిగేది, ఏ నేల మీద తిరగదో చెప్పాడు. తన బంతి ఎట్లా పోయేదో, ఎండ ముదిరితే ఎట్లా పోయేది కాదో చెప్పాడు. తర్వాత కొడుకు సంగతికి వచ్చాడు. వాడు పరుగు మొదలుపెట్టే చోటు దగ్గర నుంచి బంతి వదిలేటప్పుడు మణికట్టు మడతపడే తీరు దాకా చెప్పాడు. వాడు ఆడిన ప్రతి ఆటా చెప్పాడు. చెట్టు చాటున నిలబడి చూసినవీ, మిల్లులో పనుందని అబద్ధం చెప్పి పోయి చూసినవీ అన్నీ బయటికి వచ్చాయి. మేం ఎవ్వరం ఎరగని ఆటలు.

“పులివెందుల్లో వాడు ఆఖరోన్ని ఎదురుగా పెట్టి పరుగు తీస్తే తప్పన్న్యా నేను. తప్పు గాదు. వాడు ఆ పిల్లోన్ని నమ్మినాడు. నేనైతే ఎవర్నీ నమ్మను, అన్ని బంతులూ నేనే ఆడతా. అదీ తేడా. ఇద్దర్లో వాడే మేలు. ముగ్గుర్లోనూ వాడే మేలు.”

చాప మీద కూర్చున్న కళాయి తాత ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. దాని లోపలి నుంచే అడిగాడు.

“ఇప్పుడా రా అబ్బీ చెప్పేది?”

“ఇప్పుడింగ వానికి ఏం తగ్గతాది మామా?” అన్నాడు నాయన.

అప్పటి నుంచి ఆయన ఆ మాట ఆపలేదు. పత్తి తెచ్చిన రైతుకు కాటా ముల్లు నిలిచేలోపల చెప్పేవాడు. ఎర్రగుంట్లలో రైలు కోసం కూర్చున్నవాళ్ళకు చెప్పేవాడు. మొదట్లో విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పోను పోను ఆయన వస్తున్నాడంటే పక్కకు తప్పుకునేవాళ్ళు. మిల్లు వెనక ఆడుకునే కొత్త పిల్లలకు చెప్పబోతే వాళ్ళు బంతి తీసుకుని వేరే చోటికి పోయారు. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు వచ్చిన మనుషులు నాతో, “మీ నాయన మల్లా మొదలుపెట్టినాడమ్మా,” అనేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. కళాయి తాత పోయాక ఆ ముగ్గురి గురించి కళ్ళారా చూసి మాట్లాడగలిగిన మనిషి ఇక నాయన ఒక్కడే.

అమ్మ మాత్రం ఆ మాట మొదలైతే చాలు, లోపలికి పోయేది. ఆమె ఆయనకు అన్నం పెట్టింది, గుడ్డలు ఉతికింది, జ్వరం వస్తే తల పట్టింది. తమ్ముడి గురించి మాత్రం ఆయనతో ఒక్క మాట ఆడలేదు.

కొన్నేళ్ళ తర్వాత నేను పుట్టింటికి వచ్చినప్పటి సంగతి ఇది. మధ్యాహ్నం ఎవరో చాపాడు ఊరి రైతు, నీడకని మా అరుగు మీద కూర్చున్నాడు. నాయన అతనికి చెబుతున్నాడు. అమ్మ ఆ రైతుకు మజ్జిగ తెచ్చి ఇచ్చి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

“బంతిలోనూ వాడే మేలు,” అంటున్నాడు నాయన.

“వాడు అట్లనుకోలేదు,” అంది అమ్మ.

నాయన ఆగిపోయాడు. అమ్మ అంతకాలానికి ఆ మాటలోకి రావడం అదే మొదలు.

“పులివెందుల నుంచి వచ్చిన రోజు నేను వానికి నీళ్ళు పోస్తాంటి,” అంది అమ్మ. “పక్కటెముకల కాడ కమిలిపోయింటే కాపడం పెడతాంటి. అప్పుడన్న్యాడు. ఎంత ఆడినా నాయన బంతి గాలిలో పోయినట్ల నా బంతి పోదమ్మా, ముగ్గుర్లో ఆయనే మేలు అని.”

“ఇన్నేండ్లు చెప్పకపోతివే?”

“వాడడిగిన మాట నువ్వు వానికి ఇయ్యకపోతివి. వాని మాట నేను నీకెట్లిద్దు?”

చాపాడు రైతు గ్లాసు అరుగు మీద పెట్టి, పోయొస్తానని గొణిగి, తలపాగా చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నాయన అతను పోయింది కూడా చూడలేదు.

“తప్పు,” అన్నాడు. “వాడు తప్పు చెప్పినాడు. అది నా చెయ్యి గాదు. సాయంత్రం పెన్న మీంచి గాలొస్తాండె, ఆ గాలికి పోతాండె బంతి. గాలి లేని రోజు నాకేం వచ్చు? ఏం రాదు. వానికి గాలితో పనే లేదు. వినుకో.” అమ్మ వైపు కాదు, నా వైపు కాదు, రైతు లేచిపోయిన ఖాళీ చోటు వైపు తిరిగి చెబుతున్నాడు. “నువ్వే మేలు రా. నేను గాదు. బంతిలోనూ నువ్వే, బ్యాటులోనూ నువ్వే. వినబడతాందా అబ్బీ? నువ్వే.”

అమ్మ ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఆ రోజు మాత్రం లోపలికి పోలేదు. అరుగు అంచున కూర్చుని, ఆయన చెప్పడం ముగించేదాకా వింది.